అమ్మకు చెప్పకుండా నేనొక్కదాన్నే జీన్ టెస్టు చేయించుకుంటే సరిపోతుందా?

మీరు రాసినదాంట్లో నాకు అర్థమైనది ముందు చెబుతాను. మీ అమ్మగారికి 47 ఏళ్లు. రెండు నెలల కింద రొమ్ములో గడ్డ బయటపడింది, బయాప్సీలో ట్రిపుల్ నెగెటివ్ అనే రకం క్యాన్సర్ అని వచ్చింది, ఆపరేషన్‌కు ముందే కీమో మొదలుపెట్టారు. మీ అమ్మమ్మ యాభై దాటగానే "కడుపులో నీరు చేరి" పోయారు. మీకు 28, సంబంధాలు చూస్తున్నారు, అందులో మేనమామ కొడుకు సంబంధం కూడా ఉంది. అక్క అమెరికాలో, తమ్ముడు ఇంజినీరింగ్‌లో. అమ్మను ఈ పరిస్థితిలో ఇంకా కంగారు పెట్టడం ఇష్టం లేక, మీరొక్కరే వెళ్లి బీఆర్‌సీఏ టెస్టుకు (లోపముంటే రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పు పెంచే జీన్లను చూసే టెస్టు) రక్తమిస్తే, నెగెటివ్ వస్తే ఇక నిశ్చింతగా ఉండొచ్చా అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే: వద్దు. ముందు అమ్మగారికి చేయించండి, ఆ తర్వాతే మీకు. అమ్మగారి రిపోర్టు లేకుండా మీకు వచ్చే నెగెటివ్‌కు మీరు అనుకుంటున్నంత విలువ లేదు. పైగా ఈ టెస్టు మీకంటే ముందు ఆవిడకే అవసరం, అదీ ఇప్పుడే. ఆవిడ వైద్యమే దాన్నిబట్టి మారొచ్చు.

నేను హైదరాబాదులో క్యాన్సర్ జెనెటిక్ కౌన్సెలర్‌ని, పదకొండేళ్లుగా ఇదే పని. మీలాంటి కూతుళ్లు వారానికి ఒకరైనా వస్తారు, చాలామంది అమ్మకు తెలియకుండానే.

మీ నెగెటివ్‌కు విలువ ఎందుకు తక్కువో చెబుతాను. జీన్ అంటే ఒక పెద్ద పుస్తకం అనుకోండి. బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 రెండూ చాలా పొడవైన జీన్లు, వాటిలో రోగం తెచ్చే అచ్చుతప్పులు ఇప్పటికే వేలల్లో నమోదయ్యాయి. ఏ కుటుంబపు తప్పు ఆ కుటుంబానిదే. అమ్మగారి పుస్తకంలో తప్పు ఏ పేజీలో ఏ వరుసలో ఉందో తెలిస్తే, మీ పుస్తకంలో సరిగ్గా అదే వరుస తెరిచి చూస్తాం. ఉందా, లేదా, అంతే. అక్కడ లేకపోతే అది నిజమైన నెగెటివ్. మీ ముప్పు ఊళ్లో మిగతా ఆడవాళ్లందరికీ ఉన్నంతే. అమ్మగారిది తెలియకుండా మీ పుస్తకం ఒక్కటే తిరగేసి "తప్పులేమీ దొరకలేదు" అంటే దానికి నాలుగు అర్థాలు రావచ్చు. మీ కుటుంబంలో అసలు అలాంటి తప్పే లేదేమో. అమ్మకు ఉంది, మీకు రాలేదేమో. ఉంది, మీకూ వచ్చింది, కానీ ఆ టెస్టు ఆ చోట చూడలేదేమో. లేదా అది ఈ రెండు కాక పాల్బీ2 లాంటి వేరే జీన్‌లో ఉందేమో. వీటిలో మీది ఏదో ఎవరూ చెప్పలేరు, నేనైనా.

ఈ మూడోది మాటవరసకు అనలేదు. గుర్తుపట్టకుండా వివరాలు కొన్ని మార్చి చెబుతున్నాను. వరంగల్ వైపు నుంచి ఒక టీచరుగారు వచ్చారు, 34 ఏళ్లు. ఆన్‌లైన్లో కిట్టు తెప్పించుకుని ఉమ్మి పంపారు, నెగెటివ్ వచ్చింది. రెండేళ్లు ధీమాగా ఉన్నారు. ఆ తర్వాత వాళ్ల పిన్నికి అండాశయ క్యాన్సర్ వచ్చింది, అక్కడి డాక్టరు ఆవిడకు పూర్తి టెస్టు రాశారు. బీఆర్‌సీఏ1లో ఒక పెద్ద ముక్కే ఎగిరిపోయి ఉంది. ఇది అక్షరదోషం కాదు, పుస్తకంలోంచి కాగితాలే చిరిగిపోవడం. ఆ కిట్టు చూసింది ముందే ఎంచుకున్న కొద్దిపాటి తప్పుల్ని మాత్రమే. టీచరుగారికి మళ్లీ చేస్తే పాజిటివ్. ఆవిడ అదృష్టం, అప్పటికి ఒంట్లో ఏమీ లేదు. అందుకే ల్యాబుకు వెళ్తే రెండు మాటలు అడగండి: జీన్ మొత్తం చదువుతారా, పెద్ద తొలగింపులూ రెట్టింపులూ కూడా చూస్తారా. రెండింటికీ అవును అంటేనే డబ్బు కట్టండి.

ఇక అమ్మగారి వైద్యం సంగతి.

ట్రిపుల్ నెగెటివ్ అంటే గడ్డ కణాల్లో ఈస్ట్రోజెన్ గ్రాహకం, ప్రొజెస్టిరాన్ గ్రాహకం, హెర్2 అనే ప్రోటీన్ మూడూ లేవని. హార్మోన్ బిళ్లలు, హెర్2 ఇంజెక్షన్లు పనిచేయడానికి పట్టు దొరకదు. అందుకే కీమో మీద ఎక్కువ ఆధారపడాలి. బీఆర్‌సీఏ1 లోపంతో వచ్చే గడ్డల్లో ఎక్కువభాగం ఈ రకమే. అందుకే 60 లోపు ట్రిపుల్ నెగెటివ్ అని తేలితే, ఇంట్లో ఇంకెవరికీ క్యాన్సర్ లేకపోయినా, జీన్ టెస్టు రాయాలని అంతర్జాతీయ మార్గదర్శకాలు ఎప్పటినుంచో చెబుతున్నాయి. అమ్మగారి వయసు, రకం, దానికితోడు అమ్మమ్మగారి కథ చూస్తే, ఈ టెస్టు బయాప్సీ రిపోర్టు వచ్చిన రోజే రాయాల్సింది. రద్దీలో ఇది జారిపోవడం చాలాచోట్ల చూస్తున్నాను. మీరు అడగండి, అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు.

అమ్మమ్మగారి గురించి "కడుపులో నీరు" అని మీరు ఒక్క ముక్క రాసి వదిలేశారు. నేను మాత్రం అక్కడే ఆగాను. పాత రోజుల్లో మన ఊళ్లలో అండాశయ క్యాన్సర్ అలాగే బయటపడేది. పొట్ట ఉబ్బుతుంది, నీరు తీస్తారు, మళ్లీ చేరుతుంది, నాలుగైదు నెలల్లో మనిషి ఉండదు. కాలేయం చెడినా, టీబీ వచ్చినా నీరు చేరుతుంది కాబట్టి గట్టిగా చెప్పలేను. కానీ అమ్మమ్మకు అలా, కూతురికి ఇలా అన్నప్పుడు బీఆర్‌సీఏ అనుమానం రాకుండా ఉండదు.

టెస్టు పాజిటివ్ వస్తే అమ్మగారికి ఏం మారుతుంది? బీఆర్‌సీఏ జీన్ల పని, డీఎన్‌ఏ రెండు పోగులూ తెగినప్పుడు తప్పు లేకుండా అతకడం. ప్రతి కణంలో ఈ జీన్ రెండు ప్రతులుంటాయి, ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. లోపంతో పుట్టినవాళ్లు స్టెపినీ లేకుండా బండి నడుపుతున్నట్టు. ఉన్న ఒక్క టైరు బాగున్నంతకాలం ఇబ్బంది లేదు. ఎక్కడో ఒక రొమ్ము కణంలో అదీ పంక్చరైతే, ఆ కణం తప్పుల మీద తప్పులు పోగేసుకుంటూ క్యాన్సర్ అవుతుంది. కానీ అదే దాని బలహీనత కూడా. బీఆర్‌సీఏ మరమ్మతు అనే పెద్ద వంతెన కూలింది కాబట్టి ఆ కణం పక్కనున్న చిన్న వంతెన మీద బతుకీడుస్తుంది. పార్ప్ అనే ఎంజైమును అడ్డుకునే మందు ఆ చిన్న వంతెననూ మూసేస్తుంది. ఒంట్లోని మామూలు కణాలకు పెద్ద వంతెన ఉంది కాబట్టి అవి చాలావరకు తట్టుకుంటాయి, క్యాన్సర్ కణానికి దారి ఉండదు. ఈ సంగతిని 2005లో బ్రిటన్‌లో రెండు బృందాలు విడివిడిగా ల్యాబులో చూపించాయి.

పదహారేళ్ల తర్వాత, 2021లో ఒలింపియా అనే మందు పరీక్ష ఫలితాలు వచ్చాయి. హెర్2 లేని రొమ్ము క్యాన్సర్, తిరగబెట్టే ముప్పు ఎక్కువ, బీఆర్‌సీఏ లోపం, ఇవి మూడూ ఉన్న 1,836 మందిని తీసుకున్నారు. కీమో, ఆపరేషన్ అన్నీ అయ్యాక ఏడాదిపాటు సగం మందికి పార్ప్‌ను అడ్డుకునే ఓలాపరిబ్ బిళ్లలు, మిగతా సగానికి మందు లేని ఉత్తి బిళ్లలు. మూడేళ్లకు జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవాళ్లు ఓలాపరిబ్ వైపు 85.9 శాతం, ఉత్తి బిళ్లల వైపు 77.1 శాతం. మీ అమ్మగారిలా ముందే కీమో తీసుకున్నవాళ్లకు, ఆపరేషన్‌లో తీసిన ముక్కలో ఇంకా క్యాన్సర్ మిగిలి ఉంటే ఈ మందు ఇస్తారు. మొత్తం కరిగిపోయి ఉంటే అక్కర్లేదు. టెస్టు చేయించకపోతే ఈ దారి ఉన్నట్టే తెలియదు, నా బాధ అది.

ఆపరేషన్ విషయంలోనూ తేడా ఉంటుంది. గడ్డ వరకే తీయాలా, రొమ్ము మొత్తం తీయాలా, రెండో వైపు సంగతేమిటి, అండాశయాలు ఎప్పుడు తీయాలి, ఇవన్నీ రిపోర్టు చేతిలో ఉండి మాట్లాడుకుంటే ఒకలా ఉంటుంది, లేకపోతే ఇంకోలా. రిపోర్టు రావడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. కీమో నడుస్తున్నా రక్తం ఇవ్వొచ్చు. ఈమధ్య రక్తం ఎక్కించి ఉంటే మాత్రం ముందే చెప్పండి. ఆపరేషన్ నాటికి రిపోర్టు రావాలంటే ఈ వారమే కదలాలి.

ఇదే సందులో కార్బోప్లాటిన్ అనే కీమో మందు గురించి కూడా అమ్మగారి డాక్టరును అడగండి. ముంబై టాటా మెమోరియల్ వాళ్లు ట్రిపుల్ నెగెటివ్ ఉన్న ఏడొందల పైచిలుకు మంది మీద దీన్ని పరీక్షించి 2022 చివర్లో ఫలితాలు చెప్పారు. మామూలు కీమోకు దీన్ని కలిపితే, 50 లోపు ఆడవాళ్లలో లాభం స్పష్టంగా కనిపించింది. పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యునో మందు (ఒంటి రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదకు ఉసిగొల్పేది) కూడా ఈ రకంలో బతికేవాళ్ల సంఖ్య పెంచింది, ఐదేళ్లకు 81.7 నుంచి 86.6 శాతానికి. కానీ దాని ఖరీదు మన ఇళ్లలో చాలామందికి అందేది కాదు. కార్బోప్లాటిన్ పాత మందు, చవక. అమ్మగారికి ఇప్పటికే ఇస్తూ ఉండొచ్చు, డిశ్చార్జి కాగితంలో చూడండి.

మీది భీమవరం పక్క ఊరన్నారు. మీ అమ్మగారు కీమో అంటే విషం అని ఏడుస్తున్నారని రాశారు కాబట్టి ఒక మాట చెప్పనా? రొమ్ము ఆపరేషన్ తర్వాత మూడు మందుల కీమో ఇస్తే జబ్బు తిరగబెట్టడం తగ్గుతుందని 1976లో మిలాన్‌లో బొనడొన్నా అనే డాక్టరు చూపించారు. ఆ మూడింటిలో ఒకటి మెథోట్రెక్సేట్. అది వచ్చింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో నడిపిన పరిశోధనల నుంచి. "మన ఊరాయన మందమ్మా" అని చెబితే ఒకావిడ నా ముందే నవ్వింది. పనికొస్తుందేమో చూడండి.

అమ్మకు ఎలా చెప్పాలి అన్నది మీ అసలు భయం అని నాకు అనిపిస్తోంది. నా అనుభవంలో ఈ రోగం వచ్చిన తల్లులు డాక్టరును అడిగే మొదటి రెండు మూడు ప్రశ్నల్లోనే "నా పిల్లలకు వస్తుందా" అన్నది ఉంటుంది. మీరు దాచాలనుకుంటున్న ఆలోచన ఆవిడ మనసులో ఇప్పటికే తిరుగుతూ ఉంటుంది. "నీ వల్ల మాకు వస్తుందేమో" అని కాదు, "నీకు ఏ మందు బాగా పనిచేస్తుందో తెలుసుకునే టెస్టు, మాకూ పనికొస్తుంది" అనండి. అది అబద్ధం కూడా కాదు. ఒక్కటి మాత్రం చేయొద్దు: చెప్పకుండా అమ్మ రక్తం పంపడం. ఒకబ్బాయి అలా చేద్దామని వచ్చాడు. షుగర్ టెస్టని చెప్పి తీయించి తెస్తానన్నాడు. ఒప్పుకోలేదు. ఆవిడ సంతకం లేకుండా ఆవిడ జీన్ చదివే హక్కు కొడుక్కీ లేదు, నాకూ లేదు.

అమ్మగారి రిపోర్టు మూడు రకాలుగా రావచ్చు. రోగకారక తప్పు దొరికితే మీకు, అక్కకు, తమ్ముడికి, పిన్నికి, మేనమామకు ఆ ఒక్క వరుస చూస్తే చాలు, దానికి ఖర్చు కూడా బాగా తక్కువ. ఏమీ దొరకకపోతే మీకు టెస్టు అనవసరం, కానీ తల్లికి 47లో వచ్చింది కాబట్టి మీరు పరీక్షలు కొంచెం ముందే మొదలుపెట్టాలి. మూడోది, చిక్కులన్నీ తెచ్చేది, "ప్రాముఖ్యం తెలియని మార్పు". అంటే అక్షరం తేడాగా ఉంది, అది తప్పో, రాసే తీరులో తేడానో ఇంకా తేలలేదు. జీన్ల సమాచార నిధుల్లో పాశ్చాత్యులవే ఎక్కువ, మనవాళ్లవి తక్కువ, కాబట్టి మనకు ఈ రిపోర్టు ఎక్కువే వస్తుంది. వీటిలో చాలావాటిని తర్వాత తర్వాత హానిలేనివిగా తేలుస్తారు. దీన్ని చూసి ఆపరేషన్లు చేయించుకోకూడదు, దీని కోసం పిల్లలకు టెస్టులు చేయకూడదు. 39 ఏళ్ల ఒకావిడ ఇలాంటి రిపోర్టు పట్టుకుని ఎక్కడో అండాశయాలు తీయించుకుని, ఆ తర్వాత నా దగ్గరకు వచ్చారు, మిగతావాళ్లకు ఏం చేయాలో అడగడానికి. మూడేళ్లకు ల్యాబు నుంచి ఉత్తరం వచ్చింది, ఆ మార్పు హానిలేనిదని. ఆవిడకు ఫోన్ చేసి చెప్పింది నేనే. ఆ రోజు మళ్లీ గుర్తుచేసుకోవాలని లేదు.

సరే, మీకే పాజిటివ్ వచ్చిందనుకుందాం. అమ్మకు ఉంటే మీకు వచ్చే అవకాశం సగానికి సగం. 2017లో అచ్చయిన ఒక పెద్ద అధ్యయనం దాదాపు పదివేల మంది బీఆర్‌సీఏ ఆడవాళ్లను చూసింది. 80 ఏళ్లు వచ్చేలోపు రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశం బీఆర్‌సీఏ1లో 72 శాతం, బీఆర్‌సీఏ2లో 69 శాతం. అండాశయ క్యాన్సర్ 44, 17 శాతం. ఇవి ఎక్కువగా పాశ్చాత్య కుటుంబాల లెక్కలు, మనకు అక్షరాలా ఇంతే అనుకోనక్కర్లేదు. అందరూ 72 చూసి కుప్పకూలిపోతారు, పక్కనున్న వయసు చూడరు. అదే అధ్యయనంలో బీఆర్‌సీఏ1 ఉన్నా 30 లోపు వచ్చేది 4 శాతం మందికే, 40 నాటికి 24. అంటే 28లో మీకు ఆలోచించుకోవడానికి టైముంది. ఏడాదికోసారి ఎంఆర్ఐ, 30 నుంచి దానికితోడు మామోగ్రామ్. మీ వయసులో రొమ్ము కణజాలం దట్టంగా ఉంటుంది, ఒట్టి మామోగ్రామ్ మంచులో తెల్లకుందేలును వెతికినట్టే. పిల్లల్ని కని, పాలిచ్చి, ఆ తర్వాత 35, 40 మధ్యలో అండాశయాలూ ట్యూబులూ తీయించుకోవడం గట్టిగా చెప్పే సలహా, ఎందుకంటే అండాశయానికి నమ్మదగిన ముందస్తు పరీక్ష లేదు. బీఆర్‌సీఏ2 అయితే ఇంకో ఐదేళ్లు ఆగొచ్చు. రొమ్ములు తీయించుకోవడం మాత్రం మీ ఇష్టం. ముప్పు తొంభై శాతం పైనే తగ్గుతుంది, కానీ తప్పనిసరి కాదు. 2013లో ఏంజెలీనా జోలీ చేయించుకున్నప్పటి నుంచి జీన్ ఉంటే అదొక్కటే దారి అని జనం అనుకుంటున్నారు. ఎంఆర్ఐతో గమనిస్తూ హాయిగా ఉన్నవాళ్లు నా దగ్గర బోలెడుమంది.

మేనబావ సంబంధం గురించి మీరు మాటల్లో మాటగా అన్నారు కానీ, నాకు అదే ముఖ్యంగా తోచింది. అమ్మగారి లోపం అమ్మమ్మ నుంచి వచ్చిందైతే మేనమామకు ఉండే అవకాశం సగం, బావకు పావు. మీకు సగం. ఇద్దరికీ ఉండటానికి ఎనిమిదింట ఒకటి. ఇద్దరికీ ఉంటే పుట్టే బిడ్డకు రెండు ప్రతులూ చెడ్డవే రావడానికి నాలుగింట ఒకటి. మొత్తం కలిపితే ముప్పై రెండింట ఒకటి, మూడు శాతం. బీఆర్‌సీఏ2లో అలా జరిగితే బిడ్డకు ఫాంకోని ఎనీమియా, చిన్నప్పుడే మూలుగ చెడిపోవడం, క్యాన్సర్లు. బీఆర్‌సీఏ1లో అయితే అలాంటి గర్భం చాలావరకు నిలవదు. సంబంధం వద్దనడం లేదు. అమ్మ రిపోర్టు, ఆ తర్వాత మీదో బావదో ఎవరో ఒకరిది నెగెటివ్ అయితే ఈ లెక్క మొత్తం పోతుంది. బయటి సంబంధమైతే ఈ బెడద దాదాపు ఉండదు. అవతలివాళ్లకు చెప్పాలా అని అడుగుతారు. చూపుల రోజు టీపాయ్ మీద పెట్టే విషయం కాదు. కానీ మాట ఖాయం కాబోయే ముందు ఆ అబ్బాయికి మీరే చెప్పడం మంచిదని నా అభిప్రాయం. చెప్పాక సంబంధాలు తప్పిపోయినవీ చూశాను, భార్యతో పాటు ఏటా ఎంఆర్ఐ గది బయట కూర్చునే భర్తనూ చూస్తున్నాను.

తమ్ముణ్ని మరిచిపోకండి. మగపిల్లాడికి ఏం సంబంధం అంటారు ఇంట్లో. వాడికీ సగం అవకాశమే, రేపు వాడి కూతురికి అందించేదీ వాడే. "మా అమ్మవైపు ఎవరికీ లేదు" అని ధైర్యంగా వచ్చే అమ్మాయిల్లో కొందరికి అది మేనత్తల వరుసలో, అంటే నాన్న ద్వారా దొరుకుతుంది.

అక్కకు అమెరికాలో అయితే ఆరోగ్య బీమా, ఉద్యోగం విషయంలో జీన్ రిపోర్టును ఆమెకు వ్యతిరేకంగా వాడకూడదని 2008 నాటి చట్టం ఉంది. జీవిత బీమాకు అది వర్తించదు. పాలసీ తీసుకునే ఆలోచన ఉంటే టెస్టుకు ముందే తీసుకోమనండి.

కౌన్సెలర్ దగ్గరకు వెళ్లేముందు ఒక పని చేయండి. ఇంట్లో పెద్దవయసు వాళ్లలో జ్ఞాపకం బాగున్నవాళ్లను ఒకరిని పట్టుకోండి, అమ్మమ్మ అక్కచెల్లెళ్లలో ఒకరుంటే ఇంకా మేలు. ఎవరెవరు, ఏ వయసులో, ఎలా పోయారో అడిగి ఒక కాగితం మీద చెట్టులా గీయండి. క్యాన్సర్ అన్న మాట ఎవరూ అనరు, మీరూ దాన్ని వెతకొద్దు. "రొమ్ములో పుండు", "గర్భసంచి గడ్డ", "కడుపులో నీరు", వాళ్లు ఎలా అంటే అలాగే రాసుకెళ్లండి. మిగతాది మేం చదువుకుంటాం.